వాల్స్: రాతికప్పుల పల్లె, వేడినీటి ఊట

స్విట్జర్లండ్ అనగానే మన విద్యార్థుల మనస్సులో మంచుకొండలు, గడియారములు, చలనచిత్ర గీతములు మెదలుట సహజము. ఆ దేశమును గూర్చి వ్రాయబూనినవారు జెనీవా, జ్యూరిక్ నగరములనో, యుంగ్‌ఫ్రావ్ శిఖరమునో వర్ణించుట పరిపాటి. మేము ఈ వ్యాసమునకు సుమారు వేయిమంది జనము గల ఒక పర్వత గ్రామమును ఎన్నుకొన్నాము. దాని పేరు వాల్స్. అచ్చటి జర్మను పలుకుబడిలో ‘ఫాల్స్’ అందురు. అందమైన పల్లెలు ఆల్ప్స్ పర్వతములలో అడుగడుగునను కలవు గనుక అందమొక్కటే మా ఎన్నికకు కారణము కాదు. తన కొండలోని నీటిని, రాతిని ఏమి చేసుకొనవలెనో ఈ ఊరు తానే సభ చేరి, ఓటు వేసి నిర్ణయించుకొనుచు వచ్చినది. ఆ నిర్ణయములలో ఒకటి లోకమంతయు మెచ్చినది. మరియొకటి నేటికిని వివాదాస్పదముగానే యున్నది. ఈ రెండింటిని పక్కపక్కన పెట్టి చూచుట విద్యార్థులకు ఆసక్తికరముగా నుండునని తలంచితిమి.

ముందుగా ఊరికి చేరు దారి. స్విట్జర్లండ్ తూర్పు భాగమున గ్రౌబ్యూండెన్ అను రాష్ట్రము కలదు. ఆ దేశమున రాష్ట్రమును కాంటన్ అందురు. ఈ కాంటన్ ముఖ్యపట్టణమైన కూర్ నుండి రైలులో రైన్ నది వెంట ఇలాన్జ్ అను చిన్న పట్టణము చేరి, అచ్చటినుండి తపాలా శాఖవారి పసుపుపచ్చని బస్సులో దాదాపు 20 కిలోమీటర్లు కొండదారిని ఎక్కవలెను. దారి చాలవరకు ఇరుకైన కనుమగుండా సాగును. ఒక ప్రక్క నిలువైన బండలు, మరియొక ప్రక్క లోతున పారు ఏరు. ఆ ఏటి పేరు వాల్సర్ రైన్. అది గ్లెన్నర్ అను నదిలోను, గ్లెన్నర్ ఇలాన్జ్ వద్ద రైన్ ఎగువ శాఖలోను కలియును. కనుమ ముగియగానే లోయ ఒక్కసారిగా విశాలమై, పచ్చిక నేలపై ఊరు కనబడును. సముద్రమట్టమునకు ఎత్తు 1,252 మీటర్లు. లోయ తలాపున అదూలా పర్వతసమూహమున 3,402 మీటర్ల రైన్‌వాల్డ్‌హోర్న్ శిఖరము నిలిచియున్నది.

ఊరిలో మొదట కంటికి తగులునవి ఇండ్ల కప్పులు. పెంకు లేదు, రేకు లేదు. ప్రతి ఇంటిపైనను బూడిదవన్నె రాతి పలకలే. గోడలు దూలములు పేర్చి కట్టినవి. ఎండకు కాగి నల్లబడినవి. ఆ రాయి ఆ లోయలోనే త్రవ్వు క్వార్ట్‌జైటు. ఆల్ప్స్ పర్వతములు పైకి లేచిన కాలమున భూగర్భపు వేడిమికిని ఒత్తిడికిని లోనై పొరలు పొరలుగా మారిన శిల యగుటచే పలకలుగా చీలును. మన తాండూరు బండలు, బేతంచెర్ల బండలు ఎరిగినవారికి పొరలుగా చీలు రాతి ఉపయోగము వేరుగా చెప్పనక్కరలేదు. అయితే మనము నేలపై పరచుకొనుదానిని వారు నెత్తిపై మోయుచున్నారు. మీటరు మందమున మంచు పేరుకొనినను కదలని కప్పు కావలెనన్నచో బరువైన రాయియే తగినది. క్రొత్తగా ఇల్లు కట్టువారును కప్పునకు ఈ రాతి పలకలనే వాడవలెనని గ్రామ కట్టడ నిబంధన కలదు. ఊరి రూపము చెడకుండుటకు ఈ ఒక్క నిబంధన చేసిన మేలు పది గ్రంథములు చేయజాలవని మా అభిప్రాయము. ఈ శిల కీర్తి ఊరు దాటి రాజధానికిని ప్రాకినది. బెర్న్ నగరమున పార్లమెంటు భవనము ముందరి మైదానమునకు 2004లో పరచినది వాల్స్ రాయియే.

ఇక జనమును గూర్చి. వాల్స్ ప్రజలు వాల్జరులు. వీరి పూర్వులు స్విట్జర్లండ్ నైరుతి మూలనున్న వాలిస్ ప్రాంతపు ఎగువ లోయల నుండి మధ్యయుగమున బయలుదేరి ఆల్ప్స్ పొడుగునను వ్యాపించిరి. అంతవరకు ఎవరును ఏడాది పొడుగునా కాపురముండని ఎత్తు ప్రదేశములను సాగు చేసి, పశువులను మేపిరి. అట్టి కష్టమైన నేలను లొంగదీయుదురని ఎరిగియే ప్రభువులు వారికి ప్రత్యేక హక్కులనిచ్చిరి. వ్యక్తిస్వేచ్ఛ, వంశపారంపర్యపు కౌలు ఆ హక్కులలో ముఖ్యమైనవి. ప్రతిగా అవసరము వచ్చినపుడు వారు ఆయుధము పట్టి ప్రభువు పక్షమున నిలువవలెను. పద్నాలుగవ శతాబ్ది ప్రారంభ ప్రాంతమున ఒక తెగ ప్రక్కనున్న రైన్‌వాల్డ్ లోయనుండి 2,500 మీటర్ల ఎత్తుగల వాల్సర్‌బెర్గ్ కనుమను దాటి ఈ లోయకు వచ్చి స్థిరపడెను.

భాషాభ్యాసకులకు ఈ లోయ ఒక పాఠశాల వంటిది. వాల్జరుల మాట జర్మను కుటుంబమునకు చెందిన ప్రాచీనమైన మాండలికము. జ్యూరిక్ వాసులకే అది సులభముగా బోధపడదు. లోయ క్రింది భాగమునందలి ఇరుగుపొరుగు పల్లెలవారిది రొమాన్ష్ భాష. అది లాటిన్ సంతతిది. దక్షిణమున కొండలు దాటినచో ఇటాలియను వినవచ్చును. వాల్స్ అను పేరే లోయ యను అర్థము గల లాటిన్ పదమునుండి పుట్టినది. రొమాన్ష్‌వారు ఈ ఊరిని నేటికిని ‘పేతురు పునీతుని లోయ’ యని తమ భాషలో పిలుతురు. అనగా ఊరి పేరు ఒక భాషది, ఊరి మాట మరియొక భాషది. దేశమంతటను జర్మను భాషీయులు అధిక సంఖ్యాకులు. ఈ లోయ ప్రాంతమున మాత్రము వారే అల్పసంఖ్యాకులు. రొమాన్ష్‌వారు తమ లోయలలో అధికులు. దేశమున చూచినచో వారు నూటికి ఒక్కరైనను లేరు. ఎవరు అల్పసంఖ్యాకులు అను ప్రశ్నకు జవాబు ఎచ్చట నిలబడి లెక్కించుచున్నామను దానిపై ఆధారపడునని ఒకే తరగతిగదిలో ఉర్దూ, తెలుగు కలిసి వినబడు మన కళాశాల విద్యార్థులకు ఎవరును నేర్పనక్కరలేదు. రొమాన్ష్‌ను జాతీయ భాషగా గుర్తించుటకు 1938లో స్విస్ ప్రజలు ఓటు వేసిరి. సమాఖ్య ప్రభుత్వపు వ్యవహారములలో దానికి పరిమితమైన అధికార హోదా 1996లో మరియొక ఓటుతో లభించినది.

కొండల నడుమ కాపురమన్న చిత్రపటములలో కనబడునంత సుఖము కాదు. 1951 జనవరిలో ఆల్ప్స్ అంతటను ఎన్నడును ఎరుగనంత మంచు కురిసెను. ఆ నెల 20వ తేదీ రాత్రి వాల్స్‌పై హిమపాతము విరుచుకుపడి 19 మంది ప్రాణములు తీసెను. అంత చిన్న ఊరిలో 19 మంది యన్న ఎన్ని కుటుంబములో పాఠకులే ఊహింపగలరు. తరువాతి సంవత్సరములలో స్విట్జర్లండ్ అంతటను కొండవాలులపై మంచును ఆపు అడ్డుకట్టలు పెక్కు నిర్మించిరి. ఊరికి పైనున్న అడవిని నరుకరాదను కట్టడి మాత్రము ఆల్ప్స్ పల్లెలలో అంతకు చాలాకాలము మునుపటిదే.

ఇప్పుడు నీటి సంగతి. వాల్స్ కొండ పాదమున ఒక ఊట కలదు. పేతురు పునీతుని పేరిటనే దానిని పిలుతురు. అచ్చట కంచుయుగమునాటి మట్టిపాత్రల పెంకులు దొరికినవి. అనగా వాల్జరులు రాకమునుపు, రోమనులు రాకమునుపు కూడ మానవులు ఆ నీటిని వెదకికొని వచ్చిరన్నమాట. వాననీరు, కరగిన మంచునీరు కొండ పగుళ్ళలో లోతునకు ఇంకును. భూమిలోనికి కిలోమీటరు దిగినకొలది ఉష్ణోగ్రత సుమారు 30 డిగ్రీలు పెరుగుట సామాన్య నియమము. లోతున వేడెక్కిన నీరు బండలలోని ఖనిజములను కరగించుకొని మరియొక పగులు వెంట పైకి వచ్చును. వాల్స్ నీటిలో లీటరునకు 400 మిల్లీగ్రాములకు పైగా కాల్షియము కలదు. సల్ఫేటు అంతకంటెను అధికము. ఇనుము కూడ ఉండుటచే, గాలి తగిలినచోటనెల్ల రాతిపై తుప్పువంటి ఎరుపు పేరుకొనును. ఊట వెలుపలికి వచ్చునప్పటి వేడిమి 30 డిగ్రీల సెంటీగ్రేడు మాత్రమే. వేడినీటి బుగ్గలన్నియు మరుగుచుండునని తలంపరాదు. హిమాచల ప్రదేశమున మణికర్ణ్ వద్ద బుగ్గలో బియ్యము ఉడికింతురు. వాల్స్ నీటిలో దిగినవారికి చలి తెలియకుండును, అంతే. స్నానవాటికలోని వేర్వేరు తొట్లకు కావలసిన వేడిమిని తరువాత యంత్రములతో సమకూర్తురు.

1893లో ఈ ఊట వద్ద మొదటి స్నానశాల, వసతిగృహము వెలసినవి. ఐరోపాలో వైద్యులు కీళ్ళనొప్పులకును, నీరసమునకును ఊటనీటి స్నానమును వ్రాసి ఇచ్చుచున్న కాలమది. 1960 తరువాత పెట్టుబడిదారులు వచ్చి పెద్ద వసతిగృహ సముదాయమును కట్టిరి. ఊటనీటిని సీసాలలో పట్టి దేశమంతట అమ్మసాగిరి. నీటి వ్యాపారము నిలిచినది. వసతిగృహము మాత్రము దివాలా తీసినది. పెద్ద భవనములు ఖాళీపడి యుండగా, యువకులు పనులు వెదకికొనుచు పట్టణములకు పోవుచుండగా, 1983లో గ్రామము ఒక సాహసము చేసినది. ఊరివారందరి తరపున పంచాయతీయే ఆ సముదాయమును కొనివేసినది. వేయిమంది గల రైతుల ఊరు వసతిగృహమునకు యజమాని యగుట అరుదైన విషయము.

కొన్నపిదప ఏమి చేయవలెను? అచ్చటి పెద్దలు క్రొత్త స్నానవాటికను కట్టదలచి పీటర్ జూంథోర్ అను వాస్తుశిల్పిని పిలిచిరి. 1943లో బాసెల్ ప్రాంతమున ఒక వడ్రంగి ఇంట పుట్టిన ఈయన తాను కూడ మొదట ఆ పనియే నేర్చెను. పిదప గ్రౌబ్యూండెన్ కాంటన్‌లో పురాతన కట్టడముల రక్షణశాఖలో ఏండ్ల తరబడి పనిచేసి పల్లె ఇండ్ల నిర్మాణమును క్షుణ్ణముగా పరిశీలించెను. ఆ సమయమున ఆయన పేరు దేశాంతరములలో ఎక్కువగా తెలియదు. అట్టివానికి పని అప్పగించి, ఏండ్లు గడచుచున్నను ఓపికపట్టుట ఆ గ్రామసభ గొప్పతనమని మేము భావించుచున్నాము. స్నానవాటిక 1996లో తెరువబడినది.

ఆ కట్టడమును గూర్చి కొంచెము వివరముగ చెప్పుట అవసరము. వెలుపలినుండి చూచినచో అది భవనము వలె కాక కొండవాలులో సగము పూడియున్న బండవలె కనబడును. పైకప్పుపై గడ్డి పెరుగును. లోపల 15 పెద్ద రాతి దిమ్మెలవంటి భాగములు కలవు. ప్రతి భాగమునకును దాని కప్పు బల్లవలె ముందునకు చాచియుండును. ఒక కప్పునకును ప్రక్క కప్పునకును నడుమ 8 సెంటీమీటర్ల సందు విడిచి గాజు బిగించిరి. ఆ సన్నని చీలికలగుండా పగటి వెలుగు గీతవలె గోడలపైకి జారును. గోడలకు వాడినవి 60,000 వాల్స్ రాతి పలకలు. వాని మందములు మూడు రకములు: 31, 47, 63 మిల్లీమీటర్లు. ఏ వరుసలో పేర్చినను మూడు పలకలును నడిమి అతుకులును కలిసి సరిగా 15 సెంటీమీటర్లగును. చూచువారికి క్రమము లేనట్లు తోచును; కట్టువారికి లెక్క ఎచ్చటను తప్పదు. గణితము ఎందులకు పనికివచ్చునని అడుగు మిత్రులకు ఈ గోడను చూపవచ్చును.

నడుమనున్న తొట్టిలో నీరు 32 డిగ్రీలు. వెలుపలి తొట్టిలో శీతకాలమున 36 డిగ్రీలు. చుట్టును మంచు కురియుచుండగా మెడవరకు వెచ్చని నీటిలో నిలిచి కొండలను చూతురు. ఎర్రని గోడల నడుమ 42 డిగ్రీల ‘అగ్ని స్నానము’, దానికి తోడుగా 14 డిగ్రీల చల్లని తొట్టి, రేకులు తేలు ‘పూల స్నానము’, గొంతు విప్పినచో ప్రతిధ్వనించు ఒక రాతి గుహ, ఊటనీటిని అట్లే త్రాగుటకొక చోటు, ఇవియన్నియు దిమ్మెల లోపల దాగియున్నవి. నీటిలో ఆటలకు జారుడుబల్లలు, వాద్యములు అచ్చట లేవు. రాయి, నీరు, వెలుగు ఇంతే. తనకు ప్రేరణ ఇచ్చిన వానిలో బుడాపెస్ట్ నగరమున తురుష్కుల కాలమునాటి రుడాస్ స్నానశాల యొకటియని జూంథోర్ చెప్పియున్నారు. హమాము అను మాట ఎరిగిన మన ఉర్దూ విద్యార్థులకు ఈ సంగతి సంతోషము గూర్చును. ఒట్టోమను తురుష్కులు డాన్యూబు తీరమునకు కొనిపోయిన స్నానసంప్రదాయము శతాబ్దముల తరువాత ఆల్ప్స్ పల్లెలో క్రొత్త రూపము దాల్చినది.

స్నానవాటికను తెరచిన రెండేండ్లకే, 1998లో, దానిని రక్షిత కట్టడముగా ప్రకటించిరి. అంత చిన్న వయస్సున ఆ గౌరవము పొందు భవనములు అరుదు. లోకము నలుమూలలనుండి వాస్తుశాస్త్ర విద్యార్థులు ఇలాన్జ్ నుండి వచ్చు పసుపు బస్సులు ఎక్కిరి. 2009లో జూంథోర్‌కు వాస్తురంగమున అత్యున్నతమని ఎంచబడు ప్రిట్జ్‌కర్ బహుమతి లభించినది.

ఇచ్చటికి కథ ముగిసినచో పర్యాటక శాఖవారి కరపత్రమునకు సరిపోవును. కాని వసతిగృహము పాతబడుచుండెను. పంచాయతీకి దానిని బాగుచేయు ధనము చాలదాయెను. 2012 మార్చిలో ఊరివారు సభ చేరిరి. ఎదుట రెండు ప్రతిపాదనలు. ఒకటి ఆస్తుల వ్యాపారము చేయు ఒక పెట్టుబడిదారునిది. రెండవది జూంథోర్ పాల్గొన్న బృందముది. అధిక సంఖ్యాకులు మొదటిదానికి ఓటు వేసిరి. 29 సంవత్సరములు ఊరి ఉమ్మడి సొత్తుగా నున్న వసతిగృహము, స్నానవాటిక ప్రైవేటు చేతికి పోయెను. జూంథోర్ తన మనస్తాపమును దాచుకొనలేదు. అమ్మినవారిని తప్పుపట్టుట దూరముననున్న మనకు సులభమే. అప్పు, మరమ్మతు, జీతములు మోయవలసినది ఆ వేయిమందియే గదా! అయినను కట్టించునప్పుడు ఊరివారందరు పణము పెట్టినదానిపై, అమ్మిన తరువాత వారికి మాట చెల్లదు గదా యను విచారము మమ్ములను విడువలేదు.

క్రొత్త యాజమాన్యము వసతిగృహమునకు ఊరి తపాలా సంఖ్యయైన 7132 అని పేరు పెట్టినది. జపానుకు చెందిన తదావో ఆందో, కెంగో కుమా వంటి ప్రసిద్ధులచే గదులను అలంకరింపజేసినది. 2015లో ఆ పల్లెలో 381 మీటర్ల ఎత్తుగల అద్దాల గోపురమును కట్టుదుమని ప్రకటించినపుడు దేశమంతటను పెద్ద చర్చ చెలరేగెను. న్యూయార్క్ నగరమున ఎంపైర్ స్టేట్ భవనపు కప్పు వరకు గల ఎత్తు అంతే. రాతికప్పు వేయనిదే ఇల్లు కట్టనీయని ఊరిలో ఈ ఆలోచన పుట్టుటయే వింత. ఇంతవరకు ఆ గోపురము కాగితములు దాటి రాలేదు. సీసానీటి వ్యాపారము అంతకు మునుపే, 2002లో, కోకాకోలా సంస్థ చేతికి చేరినది.

ఊరి నీటిలో మూడవది కొండపైన నున్నది. వాల్స్‌కు ఎగువన జర్వ్రైలా అను చిన్న పల్లె యుండెడిది. విద్యుత్తు కొరకు అచ్చట 151 మీటర్ల ఎత్తున ఆనకట్ట కట్టి 1957లో పూర్తిచేసిరి. పల్లె ఇండ్లు, పచ్చికబయళ్ళు జలాశయము క్రిందికి పోయినవి. ఇంచుమించు అదే కాలమున మన కృష్ణానదిపై నాగార్జునసాగర్‌కు పునాది పడి, విజయపురి లోయ మునుగుటకు సిద్ధమైనది గుర్తుకు వచ్చును. నేడు జర్వ్రైలా జలాశయము వాల్స్ చూడవచ్చినవారికి ముఖ్యమైన ఆకర్షణ. ఆకుపచ్చని నీటిపై కత్తిమొనవలె లేచిన 2,898 మీటర్ల జర్వ్రైలాహోర్న్ శిఖరమును చిత్రములు తీయనివారుండరు. వేసవిలో జలాశయము చుట్టునుగల బాటలలో నడచువారికి క్రింద మునిగిన పల్లె కనబడదు.

అయితే ఈ నీటిని ఊరు అమ్మలేదు. గ్రౌబ్యూండెన్‌లో ఏటి నీటిపై హక్కు గ్రామములది. విద్యుత్ సంస్థకు వారు ఇచ్చినది వాడుకొనుటకు అనుమతి మాత్రమే. ప్రతిఫలముగా ప్రతి సంవత్సరము నీటిపన్ను గ్రామనిధికి చేరును. అట్టి అనుమతి 80 సంవత్సరములకు మించరాదని స్విస్ చట్టము శాసించుచున్నది. గడువు తీరినపిదప ఆనకట్టను, సొరంగములను, నీటి యంత్రములను తిరిగి స్వాధీనము చేసికొనుటకు గ్రామములకు అవకాశము కలదు. 1957 నుండి లెక్కించినచో ఆ గడువు 2030 దశకమున వచ్చును. ఆనాడు వాల్స్ గ్రామసభలో చేతులెత్తువారిలో, స్నానవాటికను కట్టిన తరువాత పుట్టినవారును పెక్కుమంది యుందురు.